ఆపాకి జీతం అడగని నోరు

దగ్గరికి జరిగి కూర్చోండి. చాప మీద ఇంకా చోటుంది, గోడకి ఆనుకోండి. చేతిలో పనుంటే పని చేసుకుంటూనే వినండి. నేనూ ఈ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే చెబుతాను. పెళ్లిళ్ల కథలు, వాడకట్టు పోట్లాటల కథలు నా నోట చాలా విన్నారు. అవన్నీ ఎదుటివాళ్ల తప్పులు. వాటిని నవ్వుతూ చెప్పుకోవచ్చు. ఇవాళ చెప్పేది నా తప్పు.

నేను చదివింది మూడో తరగతి. కానీ ఒకసారి విన్న మాట నా చెవిలోంచి బయటికి పోదు. ఎవరు ఎప్పుడు ఏమన్నారో, అనేటప్పుడు వాళ్ల చేతిలో ఏముందో కూడా చెప్పగలను. ఆ ఒక్క గుణం వల్లే నాకు సంఘంలో ఓ చోటు దొరికింది.

మా సంఘమంటే లాల్‌దర్వాజాలో ఒక సందు చివర, మెట్లెక్కితే వచ్చే ఒక్క గది. మొగుడు పోయినవాళ్లం, మొగుడు వదిలేసినవాళ్లం, తలాక్ అయినవాళ్లం, అసలు పెళ్లే కానివాళ్లం. ఒంటరిగా బతికే ఆడవాళ్లం. మాలో ఊదుబత్తీలు చుట్టేవాళ్లున్నారు, రోడ్లు ఊడ్చేవాళ్లున్నారు, ఇళ్లలో గిన్నెలు తోమేవాళ్లున్నారు. నేను నాలుగిళ్లలో వంట చేస్తాను.

ఆ సంఘాన్ని పెట్టింది ఏ పెద్దమనిషీ కాదు. ఆపా. ఆపా అంటే అక్క. వయసులో నాకంటే రెండేళ్లు చిన్న, అయినా అందరికీ ఆమె ఆపానే. దబీర్‌పురా మనిషి. తలాక్ అయ్యాక, మొగుడి నుంచి రావాల్సిన ఖర్చుల కేసు కోసం నయాపూల్ దగ్గర కోర్టు చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. తిరిగీ తిరిగీ ఏ కిటికీ దగ్గర నిలబడాలో, ఏ గుమాస్తాతో ఎట్లా మాట్లాడాలో, ఏ కాగితానికి ఎన్ని జిరాక్సులు కావాలో నేర్చుకుంది. నేర్చుకున్నది తన దగ్గరే పెట్టుకోలేదు. ముందు పక్కింటామె చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది, తరువాత ఇంకొకామెని. తనకు తెలిసిన దారి ఇంకొకరికి చూపించింది. మా సంఘమంటే అంతే.

నా పని గుర్తుపెట్టుకోవడం. ఫలానా ఆమె పింఛను ఎందుకు ఆగిందో, ఫలానా ఆమె వాయిదా ఏ రోజో ఆపా అడిగేది, నేను చెప్పేదాన్ని. "కాగితం ఎందుకే మనకు, నీ బుర్రనే బీరువా" అని నవ్వేది. నా రెండో పని మాట్లాడడం. ఎవరైనా చూడడానికి వస్తే ఆపా నన్ను ముందుకు తోసేది. ఇంకొకరి కోసం ఆఫీసులో అందరినీ నిలబెట్టి అడిగే మనిషికి, తన గురించి అడగాలంటే మాత్రం నోరు పెగలదు.

తన బతుకుతెరువు లక్క గాజుల మీద రాళ్లు అతికే పని. ఇంట్లో కూర్చుని చేసేది. సంఘం పని పెరిగేకొద్దీ గాజుల పని తరిగింది. ఉండేది తమ్ముడి ఇంట్లో. తమ్ముడు మంచివాడే, మరదలి మాటే ముల్లు. నేను వెళ్లిన ఒకరోజు నా ముందే అంది.

"బస్తీ మొత్తానికి పనికొస్తది మా వదిన. ఈ ఇంటికే పనికి రాదు. ఏం జేస్తం, మా నసీబు."

ఆపా నా కంచంలో ఇంకో రొట్టె వేసింది.

అట్లాంటి రోజుల్లో ఒక సంస్థ వాళ్లు వస్తున్నారని తెలిసింది. మాలాంటి చిన్న సంఘాలను వెతుక్కుంటూ వచ్చి బలపరుస్తారట. వాళ్లు వచ్చే ముందు రోజు మధ్యాహ్నం ఆపా మా ఇంటికొచ్చింది. నేను చింతపండు గింజలు తీస్తున్నాను. తనూ కూర్చుని గింజలు తీయడం మొదలుపెట్టింది. సగం గింజలు తీసింది. చివరికి తల ఎత్తకుండానే అంది.

"నేను ఒక్కటి జెప్త, నవ్వొద్దు."

"చెప్పు ఆపా."

"రేపు ఆ మేడం వస్తే అడుగు. సంఘం పని జేసే మనిషికి నెలనెలా ఇంత అని ఇయ్యమని. గాజుల దుకాణం సేఠ్ పిలుస్తున్నడు, పొద్దంతా కూసోవాలంట. ఆయనను ఇంక ఆగమని జెప్పలేను. ఇంట్ల నా మొఖం జెల్తలేదు. జీతం వస్తే సంఘంలనే ఉంట. రాకపోతే పోవాలె."

"నువ్వే అడగరాదు?"

"నా కోసం నేనెట్ల అడుగుత? సిగ్గయితది. నువ్వు జెప్తే మంచిగుంటది."

చింతపండు చేతినే ఆమె చేతిలో వేసి ఒట్టేశాను. "అడుగుత ఆపా. నాకిడిసిపెట్టు."

ఆమె వెళ్లిపోయాక నా మనసులో ఏం తిరిగిందో ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. మా అత్త బోనాల జాతరకి గుడి దగ్గర వంటల్లో ముందుండేది. ఏనాడూ కూలి ముట్టలేదు. సేవకి కూలి తీసుకుంటే పుణ్యం ఆ కూలితోనే చెల్లిపోతుందనేది. నేను ఆ మాట మీదే పెరిగాను. ఆపాకి జీతమంటే నాకు ఎట్లాగో అనిపించింది. మా అత్త వెనక మామ సంపాదన ఉంది, ఆపా వెనక ఎవరున్నారు? ఈ సంగతి నాకు తట్టలేదంటే అబద్ధం. తట్టింది. తట్టినా పక్కకి నెట్టేశాను.

ఇంకోటి కూడా ఉంది. చెప్పడానికి నోరు రావడం లేదు, అయినా చెబుతాను. ఇన్నాళ్లూ అందరం ఒకే చాప మీద కూర్చున్నాం. రేపటి నుంచి ఆమె జీతం మనిషైతే నేనెవరిని? వాయిదాలు గుర్తుపెట్టుకునేది నేను కదా? నాకెవరు ఇస్తారు? పాయసంలో ఉప్పురాయి పడ్డట్టు ఆ కుళ్లు నాలో పడింది.

మేడం వచ్చేనాడు మా లొల్లి చూడాలి. టెంటు సామాన్ల అతన్ని బతిమాలి ఎర్ర కుర్చీలు కిరాయికి తెచ్చాం. ఊదుబత్తీలు చుట్టే ముసలవ్వ ఒక పూలదండ తెచ్చింది.

"మేడం మెడల నేనే ఏస్త."

"నీ చెయ్యి అందదే అవ్వా. ఆమెనే ఒంగాలె."

"ఒంగుతది. మొఖం జూస్తే ఒంగే మనిషి లెక్కనే ఉంది."

"ఇంక రానే లేదు గదనే! మొఖం ఏడ జూసినవ్?"

మెట్ల కింద చెప్పులు విడిచి పైకి వచ్చింది మేడం. నడివయసు మనిషి, నూలు చీర. నిజంగానే ఒంగి దండ వేయించుకుంది. కుర్చీ చూపిస్తే వద్దని చాప మీదే కూర్చుంది.

"పాయె, కుర్సీల కిరాయి దండుగాయె" అంది అవ్వ, అందరికీ వినపడేట్టు.

మేడం నవ్వి, తను వచ్చిన పని చెప్పింది. "మేం వస్తువులు పంచడానికి రాలేదమ్మా. కష్టం పడ్డవాళ్లే నడుపుకునే సంఘాలు గట్టిగా నిలబడాలని మా కోరిక. నిలబడాలంటే ఏం కావాలో మీరే చెప్పండి. మేం చెప్పం."

"మిషన్లు! కుట్టుమిషన్లు ఇప్పియ్యుండ్రి మేడం" అని వెనక నుంచి ఒకామె అరిచింది.

మేడం మూలకి చూసింది. ఇదివరకు వచ్చినవాళ్లు ఇచ్చిన మిషన్లు అక్కడే మూడున్నాయి. ఒకదాని మీద కూరగిన్నె, ఒకదాని మీద కాగితాల సంచి, ఒకదాని మీద మడతపెట్టిన బొంతలు.

"అవేమిటమ్మా?"

"అవా... అవి గూడ మిషన్లే మేడం."

గదంతా పడీ పడీ నవ్వింది. నవ్వు తగ్గాక మేడం మెల్లగా అడిగింది. "పింఛను ఆఫీసు, కోర్టు, ఆసుపత్రి... రోజూ ఇన్ని చోట్లకి మీతో ఎవరు తిరుగుతున్నారు? ఆ మనిషికి మీరేమిస్తున్నారు?"

తలుపు తీసి, రమ్మని పిలిచినట్టే. అంతకంటే తేలిక ఇంకేముంటుంది? ఆపా చాయ్ తేవడానికి కిందికి వెళ్లింది. అందరూ నా వైపు చూశారు. నేను గొంతు సవరించుకున్నాను.

"మా ఆపా మాకు తల్లి మేడం. తల్లి అందరి కంటే ముందు లేస్తది, అందరికి పెట్టినంక తింటది. తల్లికి ఎవరన్న జీతం కడ్తరా? తల్లి పనికి కొలతుంటదా?"

అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఒకామె చప్పట్లు కొట్టింది, తక్కినవాళ్లూ కొట్టారు. నాకు ఒళ్లు పొంగింది. కథ చెప్పేవాళ్లకి ఆ పొంగు తెలుసు. మాట బాగా పడినప్పుడు, అది నిజమా కాదా అని చూసుకోబుద్ధి కాదు.

మేడం మాత్రం చప్పట్లు కొట్టలేదు. "బాగా చెప్పారమ్మా. కానీ తల్లికీ ఆకలేస్తుంది కదా. ఆవిడ ఇల్లెలా గడుస్తోంది?"

రెండోసారి కూడా దారి ఇచ్చింది. నేను ఏమన్నానో వినండి.

"ఆమెకు గసొంటి ఆశ లేదు మేడం. తమ్ముని ఇంట్ల మంచిగుంటది."

మొదటిది నోటి దురద అనుకుందాం. ఇది పచ్చి అబద్ధం.

అంతలో ఆపా కెటిల్, గ్లాసులు పట్టుకుని లోపలికొచ్చింది. మేడం ఆమెని అడిగింది. "మీరేమైనా చెబుతారా?"

ఆపా నా వైపు ఒక్కసారి చూసింది. "ఆమె జెప్పింది గద మేడం. ఆమెనే మా నోరు. చాయ్ తాగుండ్రి, చల్లారుతది."

మేడం వెళ్లిపోయాక ఆపా గ్లాసులు కడుగుతోంది. అడిగావా అని నన్ను అడగలేదు. నేనే ఆగలేక పక్కకి వెళ్లి చెప్పాను. "అడిగిన ఆపా. మనిషికి జీతమంటే ఆళ్ల రూల్స్‌ల లేదట."

"హౌ? అట్లనా?" అంది. గ్లాసు బోర్లించింది. "పోనీ. ఫికర్ నక్కో, రంది వడకు."

సాయం వచ్చింది. గొప్ప సాయమే. గది కిరాయి వాళ్లే కట్టారు. కాగితాలకి ఇనుప బీరువా వచ్చింది. నెలకోసారి వకీలమ్మ వచ్చి కూర్చునేది. మా పిల్లల్లో ఒకామెకి కంప్యూటర్ నేర్పించారు. ఆ పిల్లే సంస్థ కాగితం మాకు చదివి వినిపించింది. అందులో ఒకచోట, సంఘం నాయకురాలు జీతం ఆశించకుండా తల్లిలా సేవ చేస్తున్నారని రాసి ఉంది. అందరూ మురిసిపోయారు. నా మాట అచ్చులోకి ఎక్కింది. ఆపా కూడా తలూపింది. నేను ఆమె ముఖం చూడలేక కొత్త బీరువా తలుపు తీసి మూశాను.

ఆపా ఆరు నెలలు లాగింది. ఒకరోజు గది తాళంచెవి నా చేతిలో పెట్టింది. దుకాణంలో చేరుతున్నానని, పొద్దున పోతే చీకటి పడ్డాకే వస్తానని అందరి ముందూ చెప్పింది. కొందరు ఏడ్చారు. ఒకామెకి కోపమొచ్చింది.

"తల్లి తల్లి అనుకుంటిమి. పైసల కోసం పిల్లలను ఇడిసిపెట్టి పోయేది తల్లెట్లయితది?"

నేను మేడం ముందు చెప్పిన మాటే అది. ఇప్పుడు ఆపా మీదికే కట్టెలా లేచింది. అప్పుడైనా లేచి, తప్పు ఆమెది కాదు నాదని చెప్పొచ్చు కదా? చెప్పలేదు. తాళంచెవి కొంగున ముడేసుకుంటూ కూర్చున్నాను. ఆపా చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయింది.

తరువాత మాలో ఒక చిన్నపిల్లకి, ఇరవై రెండేళ్లుంటాయేమో, ఖర్చుల కేసు వాయిదా వచ్చింది. తారీకు నేనే గుర్తుచేశాను. ఒక్కతే వెళ్లింది. ఏ గదో తెలియక వేరే గది ముందు కూర్చుంది. తన పేరు పిలిచే వేళకి అక్కడ లేదు. మళ్లీ నెలల దూరానికి వాయిదా పడింది. తిరిగొచ్చి నా ముందు నిలబడింది.

"తారీకు యాదికున్నది, గది యాదికి లేదా అక్కా?"

లేదు. నేను ఆ గదుల్లోకి ఎప్పుడూ పోలేదు. నాకు తెలిసింది విన్న మాటలు. కాళ్లతో తెలుసుకున్నదంతా ఆపాతోనే వెళ్లిపోయింది. గది ఉంది, బీరువా ఉంది, కంప్యూటర్ ఉంది. తీసుకుపోయే మనిషి లేదు. ఊడ్చే పనికి వెళ్లే ఇద్దరు రావడం మానేశారు, తరువాత ఇంకొందరు.

ఏడాది తిరిగాక మేడం మళ్లీ వచ్చింది. సగం ఖాళీగా ఉన్న చాప చూసి, ఆపా ఏదని అడిగింది. ఎవరో ఏదో సర్దిచెప్పారు. ఆమె మెట్లు దిగుతుంటే నేను వెనకే దిగాను. సందులో ఆపి అంతా చెప్పేశాను. ఒట్టు, మేడం ముందు చెప్పిన అబద్ధం, ఆపాకి చెప్పిన అబద్ధం, నాలోని కుళ్లు కూడా. చెబుతుంటే నా గొంతు నాకే పరాయిగా ఉంది.

మేడం తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఆవిడ్ని విడిగా కూర్చోబెట్టి అడగాల్సింది నేనమ్మా. మీ మాట వినడానికి బాగుంది, నాకూ చాలనిపించింది. మిషన్లంటే ఎవరైనా ఇస్తారు. పనిచేసే మనిషికి ఇవ్వడానికే ఎవరూ ముందుకు రారు. మేం వచ్చిందే అందుకు."

వాళ్లు వచ్చిందే అందుకట! ఆ మాట విన్నాక ఇంటికి ఎట్లా నడిచానో తెలియదు.

మరునాడు ఆపా దగ్గరికి వెళ్లాను. చార్మినార్ పక్క సందులో దుకాణం. ఆపా ఒక పెళ్లికూతురి చేతికి గాజులు ఎక్కిస్తోంది. పిల్ల అబ్బా అంటే, "ఇంత మెత్తటి చెయ్యి, ఇంత గట్టి నోరేందమ్మా" అని నవ్విస్తోంది. నన్ను చూసి స్టూలు చూపించింది. వాళ్లు వెళ్లేదాకా కూర్చున్నాను. తరువాత నోరు తెరిచాను.

"ఆపా, ఆనాడు నేను అడగలే. ఆళ్లు ఇయ్యం అనలే. నేనే..."

"ఎరుకనే" అంది. విప్పిన గాజుల కట్టని మళ్లీ దారంతో కడుతోంది. "మెట్ల మీద కెటిల్ పట్టుకొని నిలబడ్డ. అంతా ఇన్న."

నేను స్టూలు మీంచి లేచాను. "ఇన్నవా? మరి లోపలికొచ్చి ఎందుకు జెప్పలే?"

"ఎట్ల జెప్త? అంతమంది ముందు నన్ను తల్లిని జేసినవ్. అందరు చప్పట్లు గొట్టిన్రు. తల్లి లోపలికొచ్చి నాకు పైసలు కావాలె అంటదా?"

నేను ఏడ్చాను. సేఠ్ తల తిప్పి చూసి, మళ్లీ తన లెక్కల్లో పడ్డాడు.

"రూల్స్‌ల లేదని జెప్పినవ్ సూడు" అంది ఆపా. "అదే ఎక్కువ కోసింది. మొదటిది నలుగుర్ల అన్న మాట. రెండోది మాత్రం నా ఒక్కదానికే జెప్పిన అబద్ధం."

"మాఫ్ చెయ్యి ఆపా."

"మాఫ్ జేస్తే మర్చిపోతవ్ అనుకుంటే తప్పు. నీకు మర్చిపోయే రోగం లేదు గద." నవ్వింది, కానీ కళ్లు నవ్వలేదు. "కూసో. చాయ్ తాగి పో."

సంఘానికి తిరిగి వచ్చేయమని అడిగాను. ఇప్పుడు జీతం ఇస్తారని చెప్పాను. తల అడ్డంగా ఊపింది. సేఠ్ దగ్గర ముందే కొంత డబ్బు తీసుకుని తమ్ముడి ఇంటి పక్కనే విడిగా ఒక గది తీసుకుందట. ఇప్పుడు అది వదులుకుని మళ్లీ మమ్మల్ని నమ్మడానికి ధైర్యం లేదంది.

"నా కోసం అడగకు. ఆ పని కోసం అడుగు. ఎవరు తిరిగితే ఆళ్లకు ఇయ్యమను. ఆ చిన్నపిల్ల ఉన్నది గద, కోర్టుల గది దొరకక ఏడ్చింది, ఆమెను పెట్టుండ్రి. దారి దొరకనోళ్లే దారి గట్టిగ నేర్చుకుంటరు. దుకాణం బంద్ ఉన్నప్పుడు వచ్చి నేను జూపిస్త."

తరువాతి మీటింగులో అందరి ముందు లేచి నిలబడ్డాను. నేనేం చేశానో చెప్పాను. ఆపాని మాటన్న ఆమె తల దించుకుంది. అవ్వ మాత్రం నన్నే చూస్తూ, "నీ నోట్ల మన్నువడ, గంత మంచిగ జెప్తివి, నేను ఏడిస్తి గూడ" అంది. ఎవరూ నవ్వలేదు. పనిచేసే మనిషికి జీతం కావాలని మేడంకి చెప్పాను. ఈసారి ఏ తల్లినీ మధ్యలోకి తేలేదు.

ఆ చిన్నపిల్లే ఇప్పుడు సంఘం పని చూస్తుంది. నెల నెలా జీతం వస్తుంది. చురుకైంది, గుమాస్తాల పేర్లు అన్నీ తెలుసు. రావడం మానేసినవాళ్లలో సగం మంది తిరిగొచ్చారు. దుకాణానికి సెలవున్ననాడు ఆపా వస్తుంది. ఆ పిల్లకి కాగితాలు చూపిస్తుంది, ఏ ఆఫీసులో ఏ వేళకి వెళ్లాలో చెబుతుంది. లోపలికి రమ్మంటే రాదు, గడప దగ్గరే కూర్చుంటుంది. నాతో బాగానే మాట్లాడుతుంది. మోకాళ్ల నొప్పుల గురించి, ధరల గురించి. ఇంకెప్పుడూ తన గురించి ఏదీ చెప్పమని నన్ను అడగలేదు. తను పెట్టిన గదిలో తను చుట్టంలా కూర్చుంటుంది.

ఇంత వయసొచ్చాక ఇంకా అందరూ నన్ను కథ చెప్పమంటారు. చెబుతాను. కానీ ఎవరి గురించైనా మంచి మాట నాలుక మీదికొస్తే ఇప్పుడు ఆగి, ఆ మనిషి ఎక్కడుందో తిరిగి చూస్తాను.

అదీ సంగతి. చిక్కుడుకాయలు కూడా అయిపోయాయి. చీకటి పడకముందే ఇళ్లకు బయల్దేరండి. విన్న మీ ఇంటి పొయ్యి ఏనాడూ చల్లారకూడదు. మీ ఇంట్లో అందరికంటే ముందు లేచే మనిషిని, నీకేం కావాలని ఆమె ముఖం చూసి అడిగేవాళ్లు ఒక్కరైనా ఉండాలి. అడిగించుకునే భాగ్యం మీ ఆడపిల్లలకి, అడిగే బుద్ధి మీ మగపిల్లలకి కలగాలి. ఇంటిల్లిపాదీ చల్లగా ఉండండి.